కొలంబస్‌లోని కార్టూన్ భాండాగారం

అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి రాజధాని అయిన కొలంబస్ నగరంలో, ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ ప్రాంగణం తూర్పు అంచున, హై స్ట్రీట్ అనే ప్రధాన వీధికి దగ్గరగా సల్లివంట్ హాల్ అనే పాత భవనం ఉన్నది. 2013 నుండి అందులో ఉన్న బిల్లీ ఐర్లండ్ కార్టూన్ గ్రంథాలయ ప్రదర్శనశాల రాజకీయ వ్యంగ్యచిత్రాలకూ, మూడు నాలుగు గళ్లలో రోజుకొక తునకగా సాగే కామిక్ స్ట్రిప్పులకూ ప్రపంచంలోని అతిపెద్ద భాండాగారాలలో ఒకటి. ఇక్కడ సుమారు 3 లక్షల మూలచిత్రాలు, అంటే చిత్రకారుడు స్వహస్తంతో గీసిన అసలు ప్రతులు ఉన్నాయి; వార్తాపత్రికల నుండి కత్తిరించిన స్ట్రిప్పులూ, విడి పుటలూ కలిపి 25 లక్షలు. ప్రవేశానికి రుసుము లేదు.

సంస్థ ఏర్పడింది 1977లో. ‘టెర్రీ అండ్ ది పైరెట్స్’, ‘స్టీవ్ కాన్యన్’ స్ట్రిప్పుల సృష్టికర్త మిల్టన్ కానిఫ్ తాను చదువుకున్న ఈ విశ్వవిద్యాలయానికి తన చిత్రాలూ ఉత్తరాలూ ఇవ్వగా, వాటిని జర్నలిజం శాఖ భవనంలోని రెండు తరగతి గదులలో సర్ది, లూసీ షెల్టన్ కాస్వెల్ అనే గ్రంథపాలకురాలు ఈ పనికి శ్రీకారం చుట్టారు. సంస్థకు 2009లో పెట్టిన పేరు ‘కొలంబస్ డిస్పాచ్’ పత్రికలో 1935లో మరణించేవరకు బొమ్మలు వేసిన స్థానిక చిత్రకారుడిది. విద్యార్థిగా ఉన్నప్పుడు అదే పత్రికలో పనిచేసిన కానిఫ్ ఆయనను గురువుగా భావించాడు.

మేడమీది ప్రదర్శన గదులలో ఒక మూలచిత్రం ఎదుట నిలిచినవారికి మొదట కనిపించేది దాని పరిమాణం. పత్రికలో చిన్నగా వచ్చే స్ట్రిప్పు ఇక్కడ దానికి రెండింతలో, అంతకు మించో ఉంటుంది, ఎందుకంటే పెద్దగా గీసి కెమెరాతో కుదించినప్పుడు చేతి వణుకులు సమసిపోయి గీతకు పదును వస్తుంది. దగ్గరగా చూస్తే సిరా గీతల కింద లేతనీలం పెన్సిల్‌తో వేసిన తొలి రూపురేఖలు తెలుస్తాయి. అచ్చుకు ఫొటో తీసే కెమెరా ఆ నీలాన్ని పట్టుకోలేదు గనుక చిత్రకారులు దాన్ని చెరపకుండానే వదిలేసేవారు. తప్పిన గీతపై పూసిన తెల్లరంగు, మార్చిన సంభాషణను మళ్లీ రాసి అతికించిన కాగితపు ముక్క కూడా కనిపిస్తాయి. పాఠకుడు అరనిమిషంలో చదివి పుట తిప్పేసే బొమ్మ వెనుక ఎంత తడబాటు, ఎంత దిద్దుబాటు ఉన్నదో అచ్చు ప్రతి ఎన్నడూ చెప్పదు. వృత్తి కార్టూనిస్టు శ్రమకు ప్రత్యక్షసాక్ష్యం మూలచిత్రమే.

అయినా ఈ భాండాగారపు అసలు సంపద ఆ గోడలమీద కాక, చూడడానికి సాదాగా కనిపించే పాత వార్తాపత్రికల కట్టలలోనే ఉన్నదని చెప్పాలి. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో అమెరికా గ్రంథాలయాలు స్థలం చాలక, పత్రికల కాగితం పొడి అయిపోతున్నదన్న భయంతో, బౌండు సంపుటాలను మైక్రోఫిలింపైకి, అంటే పుటలను అతిచిన్న నలుపు తెలుపు ఛాయాచిత్రాలుగా మార్చే ఫిలింపైకి ఎక్కించి, అసలు ప్రతులను పారవేయసాగాయి. వార్తల పాఠానికి ఆ పద్ధతి సరిపోయిందేమోగాని, ఆదివారపు రంగుల పుటలకు అది ప్రాణాంతకం అయింది. 1905లో విన్సర్ మెకే ప్రారంభించిన ‘లిటిల్ నీమో’ వంటి కథలో రంగు అలంకారం కాదు, కథనంలో భాగం. అది నలుపు తెలుపులోకి దిగితే మిగిలేది అస్థిపంజరమే.

కామిక్ స్ట్రిప్పుల చరిత్ర రాయదలచిన బిల్ బ్లాక్‌బియర్డ్ అనే కాలిఫోర్నియావాసి 1960లలో ఈ సంగతి గమనించి, పారవేసే సంపుటాలను తనకిమ్మని గ్రంథాలయాలను అడిగితే, వ్యక్తులకు ఇవ్వడానికి నిబంధనలు ఒప్పవన్న జవాబు వచ్చింది. ఆయన 1968లో శాన్‌ఫ్రాన్సిస్కో అకాడమీ ఆఫ్ కామిక్ ఆర్ట్ పేరిట లాభాపేక్ష లేని సంస్థను నమోదు చేయించి, తన నివాసాన్నే దాని కార్యాలయంగా మార్చి, దేశం నలుమూలల నుండి సంపుటాలు తెప్పించుకొని, వాటిలోని స్ట్రిప్పులను కత్తిరించి తేదీల వరుసలో పేర్చుతూ సుమారు మూడు దశాబ్దాలు గడిపారు. 1998లో ఆ సేకరణ ఒహాయోకు చేరినప్పుడు దాని బరువు 75 టన్నులు. తరలించడానికి ఆరు భారీ లారీలు పట్టాయి. పత్రికలను పరిరక్షించే బాధ్యత గల సంస్థలు వదిలించుకున్నదాన్ని ఏ పదవీ లేని ఒక వ్యక్తి నిలబెట్టాడన్నది గ్రంథాలయ చరిత్రలో మరువరాని విషయం.

కింది అంతస్తులోని పఠనమందిరంలో ఈ రెండు రకాల సామగ్రినీ పక్కపక్కన పెట్టి చదవవచ్చు. మూలచిత్రంలో శ్రమ తెలుస్తుంది, పత్రిక పుటలో ఆ బొమ్మ ఏ వార్త పక్కన, ఏ ప్రకటన కింద, ఎంత చోటులో బతికిందో తెలుస్తుంది. ఒకదాన్ని కళాఖండంగా చట్రంలో బిగించి, రెండవదాన్ని చిత్తుకాగితంగా చూసే ప్రదర్శనశాలలు సగం చరిత్రనే చెబుతాయి.

ఒకనాడు మూలచిత్రాలకు కూడా విలువ ఉండేది కాదు. ఒక్క బొమ్మను వందల పత్రికలకు పంపిణీ చేసే వ్యాపార సంస్థను సిండికేట్ అంటారు. చాలాకాలం బొమ్మా, పాత్రలూ, కాపీరైటూ సిండికేట్‌వే. ‘టెర్రీ’ ఖ్యాతి శిఖరాన ఉండగానే కానిఫ్ 1946లో దానిని వదులుకున్నది తన సృష్టిపై తనకు హక్కు లేకపోవడం వల్లనే. మరుసటి ఏడు మొదలైన ‘స్టీవ్ కాన్యన్’పై హక్కు ఆయనదే. ‘బీటిల్ బెయిలీ’ చిత్రకారుడు మార్ట్ వాకర్ పారవేయబోతున్న మూలచిత్రాలను చేరదీసి 1974లో స్థాపించిన కార్టూన్ ప్రదర్శనశాల, ఊళ్లు మారి, ఆర్థికంగా నిలదొక్కుకోలేక మూతపడగా, అందులోని 2 లక్షలకు పైగా చిత్రాలు 2008లో ఇక్కడికే వచ్చాయి.

‘కాల్విన్ అండ్ హాబ్స్’ మూలచిత్రాలు దాదాపు మూడు వేలు కూడా ఇక్కడే భద్రంగా ఉన్నాయి. దాని రచయిత బిల్ వాటర్సన్ 1989లో ఇదే విశ్వవిద్యాలయపు కార్టూన్ ఉత్సవంలో ప్రసంగిస్తూ, పత్రికలు స్ట్రిప్పులను కుదించివేస్తున్నాయనీ, సిండికేట్లు పాత్రలను ఆటబొమ్మల వ్యాపారానికి అమ్ముకుంటున్నాయనీ నిశితంగా విమర్శించారు. కుదించిన గడిలో ప్రకృతి దృశ్యానికి చోటుండదు, ముఖాలూ మాటలూ మాత్రమే పడతాయి. అందుకే ఆయన 1992 నుండి తన ఆదివారపు బొమ్మను సంపాదకులు ముక్కలు చేయడానికి వీలులేని అరపుటగా ఇచ్చే ఏర్పాటు సాధించుకున్నారు.

ఆయన హెచ్చరించిన కుదింపు ఇటీవల ఇంకా ముదిరింది. 2022లో లీ ఎంటర్‌ప్రైజెస్ అనే పత్రికల సంస్థ తన చేతిలోని పలు పత్రికలకు ఒకే కామిక్ జాబితాను వర్తింపజేయడంతో, ఏ ఊరి పాఠకులు ఏ స్ట్రిప్పును ఇష్టపడతారన్న ప్రశ్నకే విలువ లేకుండా పోయింది. 2023 జులైలో మక్లాచీ అనే మరో పత్రికల సంస్థ పులిట్జర్ పురస్కారం పొందిన ముగ్గురు సంపాదకీయ కార్టూనిస్టులను, జాక్ ఓమన్, జోయెల్ పెట్, కెవిన్ సియర్స్‌లను ఒకేసారి ఉద్యోగాల నుండి తొలగించింది. 1915లోనే, అమెరికా మహిళలందరికీ ఓటుహక్కు రాకముందే, ఎడ్వినా డమ్ అనే యువతికి సంపాదకీయ కార్టూనిస్టుగా పూర్తికాలపు కొలువు ఇచ్చింది ఈ కొలంబస్ నగరంలోని ఒక పత్రికే. నూరేళ్ల తరువాత అటువంటి కొలువులే కనుమరుగవుతుంటే, ఇందులో పత్రికల ఆదాయ క్షీణతతో పాటు యాజమాన్యాల ఉదాసీనత కూడా ఉన్నదని ఒప్పుకోక తప్పదు.

ఈ మందిరం చూసిన తెలుగువారికి ‘భారతి’లో బొమ్మలు వేసి తెలుగు కార్టూన్‌కు ఆద్యుడిగా పేరొందిన తలిశెట్టి రామారావూ, వారపత్రికల పుటలు నింపిన బాపూ, ‘ఈనాడు’లో దశాబ్దాలపాటు గీసిన శ్రీధరూ గుర్తుకు రావడం సహజం. వారి బొమ్మలు పుస్తకాలుగా వచ్చినంత మాత్రాన పని పూర్తికాదు. అవి మొదట అచ్చయిన సంచికలను, తేదీలతో, చుట్టూ ఉన్న వార్తలతో, ప్రకటనలతో సహా నిలుపుకోవాలి. నేటి కార్టూనిస్టులలో పలువురు కంప్యూటర్ తెరపైనే గీస్తున్నందున వారి పనికి సిరా, కాగితం ఉన్న మూలచిత్రమే ఉండదు. ఆ బొమ్మ కాగితంమీద కనిపించేది అచ్చయిన పుటలోనే కాబట్టి, పాత సంచికల విలువ ఇకముందు ఇంకా పెరుగుతుంది.