పోయిన హద్దురాయిని లెక్కతో వెతకొచ్చు



హద్దురాయి ఒకటి పోతే గొడవ అడుగు నేల దగ్గర మొదలై, మాటలు మానుకునే దాకా పోతుంది. గట్టు తగాదాతో పెళ్లి పిలుపులు కూడా ఆగిపోయిన ఇళ్లు మీ ఊళ్లోనూ ఉండే ఉంటాయి. అందుకే మా చేలో వాయవ్యం మూల రాయి కాలవ పూడిక తీసేటప్పుడు లేచిపోయిందని తెలియగానే, టేపు పట్టుకుని ముందు గట్టు అవతలి బాబాయినే పిలిచాను.

లెక్క మా అమ్మాయి పదో తరగతి పుస్తకంలోదే. రెండు చివరలు తెలిస్తే కూడి సగం చేస్తాం, మధ్య బిందువు వస్తుంది. దాన్నే తిరగేయండి. మధ్య బిందువు, ఒక చివర తెలిస్తే, మధ్య బిందువును రెట్టింపు చేసి తెలిసిన చివరను తీసేయాలి. రెండో చివర వచ్చేస్తుంది.

మరి చేలో మధ్య బిందువు ఎక్కడిది అంటారా? ఎదురెదురు గట్లు సమానంగా ఉన్న నాలుగు మూలల చేలో, మూల నుంచి మూలకి పట్టిన రెండు తాళ్లూ సరిగ్గా సగంలో కలుసుకుంటాయి. ఒక తాడు సగం దొరికితే రెండోదాని సగం దొరికినట్టే.

మేం నైరుతి రాయిని (0, 0) అనుకున్నాం. తూర్పుకి ఎన్ని అడుగులు, ఉత్తరానికి ఎన్ని అడుగులు అని రాసుకుంటే ఆగ్నేయం రాయి (240, 0), ఈశాన్యం రాయి (270, 180). నైరుతి, ఈశాన్యాల మధ్య బిందువు (135, 90). రెట్టింపు చేస్తే (270, 180). అందులోంచి ఆగ్నేయం తీసేస్తే (30, 180). పోయిన రాయి అక్కడ ఉండాలి.

చేలో అయితే ఇంకా తేలిక. నైరుతి నుంచి ఈశాన్యానికి తాడు లాగి, సగంలో మేకు కొట్టాం. ఆగ్నేయం రాయి నుంచి మేకు దాకా సుమారు 138 అడుగులు. అదే వరసలో ఇంకో 138 ముందుకెళ్లి పుల్ల పాతాం.

మూడు జాగ్రత్తలు. ముందు ఎఫ్‌ఎంబీ నకలు చూడండి, ఎదురెదురు గట్ల కొలతలు సమానంగా లేకపోతే ఈ లెక్క పనికిరాదు. రెండు, మధ్య మేకు అరడుగు జరిగితే చివర పుల్ల అడుగు జరుగుతుంది, తప్పు రెట్టింపవుతుంది. అందుకే ఈశాన్యం రాయి నుంచి పుల్లకి 240 అడుగులు వచ్చిందా అని బాబాయి చేతే కొలిపించాను. మూడు, పుల్ల వరకే మన పని. రాయి సర్వేయర్ గారే వేయాలి. ఎఫ్ లైన్ అర్జీ ఇద్దరం కలిసే పెట్టాం.

ఈ వారంలో ఒకసారి మీ మూలలన్నీ తిరిగి చూసుకోండి. మూడు రాళ్లుంటే నాలుగోది దొరుకుతుంది. రెండే మిగిలితే ఈ లెక్క ఏమీ చేయలేదు.