నంది కొండకు సైకిలు మీద

ఏభై అయిదు దాటినవాడు తెల్లవారుజామున నాలుగింటికి లేచి, హెల్మెట్టు బిగించుకుని, సైకిలు వీధిలోకి తీస్తే ఇంట్లోవాళ్లు ఏమంటారో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. మా ఇంట్లోనూ అనవలసినవన్నీ అనటం అయిపోయింది. ఇప్పుడు మటుకు మా ఆవిడ రెండు అరటిపళ్లు, నాలుగు వేరుసెనగ ఉండలు సంచిలో పెట్టి, "దేవనహళ్లి చేరగానే ఫోను చెయ్యండి" అని ఊరుకుంటుంది. ఆ అరటిపళ్ల వెనక ఒక కథ ఉంది. దారిలో చెబుతాను.

బెంగుళూరు నుంచి నంది కొండ సుమారు 60 కిలోమీటర్లు. హెబ్బాళ దాటి బళ్లారి రోడ్డు పట్టుకుంటే యలహంక, ఆ తరువాత 2008లో తెరచిన విమానాశ్రయం వస్తాయి. ఆ వేళప్పుడు రోడ్డంతా మనదే అనుకుంటే పొరపాటే. విమానం దాటిపోతుందని పరుగెత్తే టాక్సీలకు సైకిలువాడు కనిపించడు. అందుకని పక్కరోడ్డు వదలను. వెనక ఎర్రదీపం లేకుండా బయలుదేరను. ఇక కుక్కలు! వేగం పెంచితే అవీ పెంచుతాయి. దిగి నిలబడి నాలుగు మాటలు చెబితే చాలావాటికి మనమీద ఆసక్తి పోతుంది.

కారులో పోయేవారికి యలహంక మొదలు దేవనహళ్లి దాకా నేల చదునుగా కనిపిస్తుంది. అది చదును కాదని నా మోకాళ్లకు తెలుసు. దేవనహళ్లి టిప్పు సుల్తాను పుట్టిన ఊరు. అక్కడి పంపరపనసలకు మంచి పేరు. ఆ ఊరు దాటి ఎడమకు తిరిగితే ద్రాక్షపందిళ్లు, రాగిచేలు, తడిమట్టి వాసన. అప్పటికి తెల్లవారుతుంది. ఎదురుగా కొండ, నెత్తిన మబ్బు.

మూడేళ్ల క్రితం మొదటిసారి వచ్చినప్పుడు నేను ఒక కప్పు కాఫీ మాత్రమే తాగి బయలుదేరాను. కొండ మొదట్లో బాగానే ఉంది. కుర్రవాళ్లు ఒక్కొక్కరే నన్ను దాటిపోతున్నారు. వాళ్ల ముందు దిగి నడవటానికి మనసొప్పలేదు. పళ్లు బిగించి తొక్కాను. ఉన్నట్టుండి చేతులు వణికాయి, చల్లటి చెమట పట్టింది, కళ్లముందు చీకట్లు కమ్మాయి. రెండు మూడు గంటలు ఆపకుండా తొక్కితే ఒంట్లో దాచుకున్న చక్కెర అడుగంటుతుందని తరువాత తెలిసింది. అప్పుడు మటుకు గుండె ఆగిపోతున్నదనే అనుకున్నాను. రోడ్డు పక్కన కూలబడ్డాను.

అక్కడ ఒక ముసలమ్మ గంపలో జామకాయలు పెట్టుకుని కూచుంది. నేను కన్నడంలో నీళ్లు అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఏమి సామీ, పొద్దున ఏమీ తినలేదా?" అన్నది తెలుగులో! చిక్కబళ్లాపురం జిల్లా ఆంధ్ర సరిహద్దుకు ఆనుకునే ఉంది. ఆ పల్లెల్లో రెండు భాషలూ ఇంటి భాషలే. తన మూటలోని బొరుగులు, బెల్లం ముక్క నా చేతిలో పోసింది. పావుగంటకు లోకం మళ్లీ కనబడింది. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు.

"దిగి నడిస్తే కొండ యాడికి పోతుంది సామీ? ఈడ్నే ఉంటుంది కదా" అన్నది.

ఆ రోజు సైకిలు ఒక టెంపోలో వేసుకుని ఇంటికి చేరాను. మా ఆవిడతో నిజం చెప్పటానికి వారం పట్టింది. అరటిపళ్ల కథ అదీ.

ఇప్పుడు ముప్పావుగంటకు ఒకసారి, ఆకలి వేసినా వేయకపోయినా, ఏదో ఒకటి నోట్లో వేసుకుంటాను. కొండమీద అన్నిటికన్నా తేలిక గేరు వేసి, ఊపిరి ఎంత చెబితే అంతే తొక్కుతాను. చివరి మలుపులు మహా నిటారు. అక్కడ సిగ్గుపడకుండా దిగుతాను. రెండు మలుపులు నడిచి మళ్లీ ఎక్కుతాను.

కొండ ఎత్తు 1,478 మీటర్లు. 1927లో గాంధీగారు జబ్బుపడి, తేరుకోవటానికి కొన్ని వారాలు ఇక్కడే ఉన్నారు. నాకు మటుకు ఇక్కడ నిలబడితే మా నాయనమ్మ జ్ఞాపకం వస్తుంది. మా పెద్దలది నెల్లూరు. పెన్న పేరెత్తితే చాలు, ఆవిడకు కళ్లు చెమర్చేవి. ఆ పెన్న పుట్టింది ఈ నంది కొండల వరుసలోనే, చెన్నకేశవ కొండ దగ్గర. 597 కిలోమీటర్లు పోయి, నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. ఆ సంగతి ఆవిడకు తెలియదు. బెంగుళూరు వచ్చి నదికి దూరమైపోయాననే అనుకుంటూ పోయింది. బతికి ఉండగా ఎవరమూ చెప్పలేకపోయాం.

దిగటం ఎక్కటం కన్నా ప్రమాదం. బ్రేకులు అదేపనిగా నొక్కిపట్టకూడదు. నొక్కుతూ వదులుతూ, మలుపు రాకముందే వేగం తగ్గించుకోవాలి. మలుపు అవతల కారు ఉండవచ్చు, కోతి ఉండవచ్చు.

కింద జామకాయల గంప కనిపిస్తే ఆగుతాను. మొన్నా కనిపించింది.

"నడిచినావా?" అని అడిగింది.

"రెండు మలుపులు."

"మంచిది" అని, రెండు కాయలు ఏరి నా సంచిలో వేసింది. ఈసారి డబ్బు పుచ్చుకుంది.