ఉండిపోయేవాళ్ల పద్దు

ఎల్లంతకుంట నుంచి కానీ, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల పల్లెల నుంచి కానీ గల్ఫ్‌కు బయల్దేరే మనిషి వేసుకునే లెక్క దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. వీసాకు, ఏజెంటుకు, టికెట్‌కు ఎంత? తెచ్చిన అప్పుకు నెలకు మిత్తి ఎంత? అక్కడి జీతంలో తిండి, గది పోను ఇంటికి పంపేది ఎంత? అప్పు ఎన్నాళ్లకు తీరుతుంది? ఈ లెక్కలో ఇంటి దగ్గర ఉండిపోయేవాళ్లు పంపిన పైసలు అందుకునేవాళ్లుగానే కనిపిస్తారు. వాళ్లు చేసే పనికి ఒక్క పద్దూ ఉండదు. నేనూ మా ఆవిడా షార్జా వెళ్లాలనుకున్నప్పుడు ఆ పద్దు రాయాల్సి వచ్చింది. రాయించింది మా కుక్క బంటి.

బంటి పగ్ జాతిది. 2003లో హచ్ ఫోన్ ప్రకటనలో పిల్లవాడి వెంటే నడిచిన కుక్కను చూశాక మన దగ్గర ఈ జాతి మీద మోజు పెరిగింది, పల్లెల దాకా వచ్చింది. చదును ముఖం, పొట్టి ముక్కు చూడ్డానికి ముద్దుగానే ఉంటాయి కానీ ఊపిరి ఆడే దారి ఇరుకు. ముక్కు రంధ్రాలు సన్నం, నోట్లో మెత్తటి అంగిలి పొడుగు. కుక్కకు మనకు పట్టినట్టు ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి వగర్చి ఒంటి వేడి తగ్గించుకుంటుంది. ఆ వగర్పే సరిగా సాగని కుక్కను వేడిలో, బెదురులో, మూసిన పెట్టెలో ఉంచితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇది వట్టి భయం కాదు. అమెరికా రవాణా శాఖ 2010లో బయటపెట్టిన లెక్కల ప్రకారం, 2005 మే నుంచి ఐదేళ్లలో అక్కడి విమానయాన సంస్థలు చెప్పిన కుక్కల మరణాలు 122. జాతి కుక్కల్లో సుమారు సగం పొట్టి ముక్కువే. ఇంగ్లిష్ బుల్‌డాగ్‌లు 25, పగ్‌లు 11. చాలా సంస్థలు ఇప్పుడు ఈ జాతులను తీసుకోవడం లేదు, తీసుకున్నా ఎండాకాలం ఆపేస్తున్నాయి.

సిరిసిల్ల, వేములవాడ మీదుగా కోరుట్ల పశువైద్య కళాశాలకు బంటిని తీసుకెళ్లి చూపించాం. డాక్టర్ గారు గుండె విన్నారు, గొంతు చూశారు, వరండాలో అటూ ఇటూ నడిపించి ఊపిరి ఎంతసేపటికి నెమ్మదిస్తుందో గమనించారు. తొమ్మిదేళ్ల వయసులో, ఈ ఊపిరితో విమానం ఎక్కించొద్దని చెప్పారు.

అయినా ఖర్చు ఎంతో కనుక్కున్నాం, ఎందుకంటే ఏ దారినైనా ధర తెలిశాకే వదులుకోవాలి. దుబాయ్‌లో దిగే కుక్క కార్గోగానే రావాలి. అబుదాబికి కేబిన్‌లో తీసుకెళ్లే వీలుంది కానీ సంచితో కలిపి 8 కిలోలు దాటకూడదు, బంటి ఒక్కడే పది కిలోలు. మైక్రోచిప్, రేబిస్ టీకా, టీకా పనిచేసిందని చూపే రక్త పరీక్ష, యూఏఈ వాతావరణ మార్పులు, పర్యావరణ మంత్రిత్వ శాఖ అనుమతి, మన జంతు క్వారంటైన్ కార్యాలయం ఇచ్చే ఆరోగ్య పత్రం, కొలతకు సరిపడే పెట్టె, కార్గో ఛార్జీ, ఏజెంటు ఫీజు. మాకు చెప్పిన ధర రెండు లక్షలకు అటూ ఇటూ. దారిలో కుక్కకు ఏమైనా అయితే తమకు సంబంధం లేదనే కాగితం మీద సంతకం అదనం. ఎంత డబ్బు పెట్టినా తగ్గని ప్రమాదం ఇది. ఖరీదైన పెట్టె కొంటే బంటి ముక్కు రంధ్రాలు వెడల్పు కావు.

ఓడ దారి కూడా లేదు. ముంబయి నుంచి గల్ఫ్ రేవులకు ప్రయాణికులను తీసుకెళ్లిన బ్రిటిష్ ఇండియా కంపెనీ వారి ద్వారకా ఓడ 1982లోనే ఆగిపోయింది. కుక్కలకు గదులున్న క్వీన్ మేరీ 2 తిరిగేది సౌతాంప్టన్, న్యూయార్క్‌ల మధ్య.

ఇక మిగిలినవి మూడు దారులు. ఉద్యోగం వదులుకోవడం, హైదరాబాద్‌లో కుక్కల హాస్టల్‌లో ఉంచడం, ఇంట్లో అప్పగించి వెళ్లడం.

వదులుకోవడాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేదు. తూర్పు ఉక్రెయిన్‌లో డాక్టరుగా పనిచేసిన తణుకు మనిషి ఒకాయన, 2022లో యుద్ధం వచ్చినా తాను పెంచుకున్న జాగ్వార్‌ను, నల్ల చిరుతను వదిలి రానన్నాడు. ఆయన సంగతి అప్పట్లో అందరం టీవీల్లో చూశాం. సంపాదన నిలిచిపోయాక చివరికి వాటిని అక్కడి ఒక మనిషికి అప్పగించి, పోషణకు డబ్బిచ్చి పోలండ్ వెళ్లాల్సి వచ్చింది. మూగజీవి మీద ప్రేమ ఎంత ఉన్నా, దాని తిండి మన సంపాదన మీదే ఆధారపడి ఉంది. సంపాదన ఆగితే ఆ ప్రేమకు చేతులుండవు.

మా లెక్క ఇది. షార్జాలో జీతం 6,000 దిర్హాములు. అక్కడికి కుటుంబాన్ని తీసుకెళ్లడానికి కనీసం 4,000 జీతం ఉండాలి కాబట్టి మా ఆవిడ వీసాకు ఇబ్బంది లేదు. అద్దె, తిండి, ప్రయాణాలు పోను నెలకు 1,800 దిర్హాములు మిగులుతాయని వేసుకున్నాం. దిర్హాముకు 22.50 చొప్పున 40,500 రూపాయలు, ఏడాదికి 4,86,000. హైదరాబాద్ ఉద్యోగంలో ఏడాదికి మిగిలేది 1,20,000. అంటే షార్జా వల్ల అదనంగా వచ్చేది 3,66,000. హాస్టల్‌లో రోజుకు 700 అంటే ఏడాదికి రెండున్నర లక్షలు. పైగా కొత్త చోట, పరాయి కుక్కల అరుపుల మధ్య ముసలి కుక్క. ఆ దారి వదిలేశాం.

ఇంట్లో అప్పగించడం మాత్రం ఉచితమని ఊరంతా అనుకుంటుంది. మా అవ్వకు మోకాళ్ల నొప్పులు, పది కిలోల కుక్కను ఎత్తలేదు. చూసుకోగలిగింది పక్కింట్లో ఉండే చిన్నమ్మ. ఆమె బీడీలు చేస్తుంది. చాట ఒడిలో పెట్టుకుని, తడిపిన తునికాకును అచ్చు పెట్టి కత్తిరించి, చిటికెడు తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కడుతుంది. మాట్లాడుతూనే ఉంటుంది, చేతులు ఆగవు. ఆ చాట దగ్గరే మాకు సమస్య కనిపించింది. తంబాకు ధూళి బంటి ఊపిరికి మంచిది కాదు, కింద పడ్డది నాకితే విషం. కాబట్టి బంటిని చూసుకుంటూ బీడీలు చేయడం కుదరదు. బంటి దగ్గర ఉన్నంతసేపూ ఆమె చాట పక్కన పెట్టాల్సిందే.

జీతం మాట ఎత్తితే చిన్నమ్మ ఒప్పుకోలేదు. "నాకెందుకు బిడ్డా పైసలు? ఇంట్ల కుక్కను సూసుకునుడు గూడ పనేనా?" అంది.

"పనే అత్తమ్మా. ఆ టైంల ఎన్ని బీడీలయితయో చెప్పు," అంది మా ఆవిడ.

చిన్నమ్మ వేళ్ల మీద లెక్కపెట్టింది. పొద్దున తిప్పి, తినిపించి, కళ్లూ ముఖం మీది ముడతలూ తుడిచేసరికి ఇన్ని. మాపటికి ఇన్ని. తగ్గే బీడీల కూలి నెలకు రెండున్నర వేల దాకా తేలింది. అది ఆమె పోగొట్టుకునేది మాత్రమే. రాత్రి కుక్క గురక మారితే లేచి చూడటం, పెళ్లికో పేరంటానికో పోయి రెండు రోజులు ఉండలేకపోవడం దాని మీద. అన్నీ కలిపి నెలకు ఆరు వేలు ఖాయం చేశాం. బంటి తిండికి, మందులకు మూడు వేలు వేరు.

తర్వాత వేడి. మా ఊళ్లో మే నెల ఎండకు కూలర్ చాలదు. అవ్వ గదిలో చిన్న ఏసీ పెట్టించాం, 32,000. దాని వెనక ఇంకో ఖర్చు ఉంది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద మా ఇంటికి కరెంటు బిల్లు సున్నా. నెలకు 200 యూనిట్లు దాటితే ఆ నెల బిల్లంతా కట్టాలి. ఏసీ నడిచే నెలల్లో అది తప్పకుండా దాటుతుంది. ఏడాదికి 8,000 ఆ పద్దు కింద రాశాం. మామూలు డాక్టరు ఖర్చులకు 9,000. కంపెనీ రెండేళ్లకోసారే టికెట్ ఇస్తుంది కాబట్టి నడిమి ఏడాది సొంత టికెట్‌కు 25,000 ఏటా పక్కన పెట్టాలి. మొత్తం ఏడాదికి లక్షన్నర. మా షార్జా పొదుపులో దాదాపు మూడో వంతు.

లక్షన్నర తీసేస్తే షార్జా వల్ల అదనంగా మిగిలేది 2,16,000. మొదటి ఏడాది ఏసీ, బంటి కోసం పక్కన పెట్టే 60,000 అత్యవసర నిధి కలిపి 92,000 పోగా 1,24,000. అయినా వెళ్లడం లాభమే. ఈ అంకె చూశాకే కంపెనీకి సరేనని చెప్పాం. ఐరోపాలో ఒక ఉద్యోగం మాట కూడా నడిచింది, జీతం కొంచెం ఎక్కువ. హైదరాబాద్ నుంచి నాలుగు గంటల్లో చేరే చోటును ఎంచుకున్నాం. అవసరమైతే ఆ రోజే ఇంటికి రాగలిగే దగ్గరితనం ఆ జీతం తేడాకు సరిపోతుందని మా లెక్క.

కొత్తగా వెళ్లేవాళ్లకు పనికొస్తాయని కొన్ని ఏర్పాట్లు వివరంగా చెబుతాను.

అత్యవసర నిధి 60,000 బయల్దేరే ముందే అవ్వ ఖాతాలో వేశాం. ఆపద రాత్రి వస్తుంది, ఆ రాత్రి బ్యాంకు సర్వర్ పనిచేయకపోవచ్చు, నేను ఫోన్ ఎత్తలేకపోవచ్చు. నిధి అనేది రోగి పక్కన ఉన్న మనిషి చేతిలో ఉండాలి. కుక్కల బీమా కూడా అడిగాం కానీ మాకు చూపిన పాలసీలకు బంటి వయసు దాటిపోయింది. ఈ నిధే దాని బీమా.

చిన్నమ్మ జీతం నా ఎన్ఆర్ఈ ఖాతా నుంచి నెల మొదట్లో నేరుగా ఆమె ఖాతాలోకి పోతుంది. అవ్వ చేతి మీదుగా పంపితే అది ఇంటి ఖర్చులో కలిసిపోతుంది, అడగడానికి ఆమె మొహమాటపడుతుంది. ఇది కానుక కాదు, జీతం అని రాసి పెట్టాం. పన్ను చట్టంలో అక్క కొడుకు ఇచ్చే డబ్బు చిన్నమ్మకు దగ్గరి బంధువు కానుక కింద రాదు, ఏడాదికి 50,000 దాటితే ఆదాయంలోనే చూపాలి. ఆమె మొత్తం ఆదాయం పన్ను పరిమితికి చాలా దిగువన ఉంది కాబట్టి కట్టేదేమీ లేదు. పద్దు మాత్రం సరైన పేరుతో ఉండాలి.

గల్ఫ్‌కు కూలికి పోయేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియంతో 10 లక్షల ప్రమాద బీమా. ఉండిపోయేవాళ్ల గురించి ఆ వేళ ఎవరూ అడగరు. చిన్నమ్మను ప్రధానమంత్రి సురక్షా బీమాలో చేర్పించాం. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదానికి 2 లక్షలు, 70 ఏళ్ల దాకా తీసుకోవచ్చు.

చివరగా ఒక కాగితం రాశాం. 20,000 దాకా ఖర్చుకు మమ్మల్ని అడగనక్కర్లేదు. ఏ డాక్టరుకు చూపాలి, ఎవరి కారు పిలవాలి, దానికి ఎంత ఇవ్వాలి. బంటి ఇక కోలుకోదని, బాధ మాత్రమే మిగిలిందని డాక్టరు చెబితే, ఊపిరికోసం కొట్టుకోనివ్వకుండా నిద్రపుచ్చడానికి చిన్నమ్మకు మా పూర్తి సమ్మతి. ఈ వాక్యం రాయడానికి మా ఆవిడకు, నాకు చాలా కష్టమైంది. రాయకపోతే ఆ భారం ఒంటరిగా చిన్నమ్మ మీద పడేది, అది ఏ జీతంతోనూ తీరేది కాదు.

ఈ ఎండాకాలం ఒక రాత్రి ఆ కాగితం పనికొచ్చింది. కరెంటు పోయింది, బంటి వగర్పు ఆగలేదు, నాలుక నీలంగా మారింది. చిన్నమ్మ తడిగుడ్డ పొట్ట కింద, పాదాలకు పెట్టి, కారు పిలిపించి కరీంనగర్ తీసుకెళ్లింది. ఆక్సిజన్ పెట్టారు, రాత్రంతా ఉంచారు. కారుతో కలిపి 11,000 అయింది. మాకు తెల్లారాక ఫోన్ చేసింది. "గిప్పుడు మంచిగున్నడు, పండుకున్నడు. పైసలు అవ్వ కార్డుల నుంచే ఇచ్చిన," అని చెప్పింది. ఆ రాత్రి ఆమెకు డబ్బు కోసం ఎవరినీ బతిమాలాల్సిన పని పడలేదు, ఎవరి మాట కోసమూ ఆగాల్సిన పని పడలేదు. నేను షార్జాలో ఉండి బంటికి చేయగలిగినది అంతే, అది చేయగలిగాను.

బంటికి ఇంత లెక్క కట్టాక చుట్టూ చూస్తే మనసు కలుక్కుమంటుంది. మా వాడల్లో మస్కట్, దుబాయ్, దోహాలకు పోయినవాళ్ల ఇళ్లలో మంచానపడ్డ మామకు అన్నం తినిపించేది, పిల్లను బడికి పంపేది, పొలం చూసేది, నడుమ నడుమ బీడీలు చేసేది ఒకే ఆడమనిషి. ఆమె చేతులాగిన ప్రతి గంటా కూలి తగ్గుతుంది. ఆ తగ్గుదల ఏ ఇంటి లెక్కలోనూ లేదు. పంపిన డబ్బులోంచి నూరు రూపాయలు తనకోసం తీసుకున్నా లెక్క చెప్పాల్సింది ఆమే.

కాబట్టి ఈ ఏడాది బయల్దేరేవాళ్లను ఒకటే అడుగుతాను. వీసా, టికెట్, మిత్తి రాసుకునే కాగితం మీదే, ఇంట్లో ఎవరు ఏం పని మీదేసుకుంటున్నారో వాళ్ల పేరుతో రాయండి. ఆ పనికి ఊళ్లో కూలి ఎంతో కనుక్కోండి. ఆ డబ్బు ఇంటి ఖర్చుతో కలపకుండా వాళ్ల సొంత ఖాతాలో, మొదటి నెల జీతం నుంచే వేయండి. అది తీసేశాక కూడా ప్రయాణం లాభమని తేలితే నిశ్చింతగా వెళ్లండి. తేలకపోతే, ఆ లాభం మొదటి నుంచీ ఇంట్లో ఉండిపోయినవాళ్ల కూలి డబ్బే. అలాంటప్పుడు జీతం పెంచమని కంపెనీతో మాట్లాడండి, లేదా ఇంకో ఉద్యోగం చూసుకోండి.