మేళం మాట్లాడుకోవడం

పూర్వం మన ఊళ్లలో ముహూర్తం నిశ్చయం కాగానే పెద్దలు మేళం కుదుర్చుకొనేవారు. తాంబూలంతో బయానా ఇచ్చి, ఎందరు వస్తారో, ఎన్ని పూటలు వాయిస్తారో మాట్లాడుకొనేవారు. ఏ ఘట్టానికి ఏది వాయించాలో మాత్రం ఎవరూ చెప్పనక్కర లేదు. మాంగల్యధారణ వేళ పురోహితుడు చేయెత్తితే చాలు, గట్టిమేళం మ్రోగేది.

న్యూజెర్సీలో మా అమ్మాయి రిసెప్షన్‌కు డీజేను కుదుర్చుకొనే బాధ్యత మా దంపతులపై పడింది. బయానా ఇక్కడా ఉంది. దానిని డిపాజిట్ అంటారు. గంటల లెక్క, అదనపు గంటకు రుసుము, హాలువారు కోరే బీమా పత్రం, మైకుల సంఖ్య, అన్నీ ఒప్పందంలో వ్రాసుకొన్నాము. కాని ఆ యువకుడు తెలుగెరుగడు. అతడు పంపిన మొదటి జాబితాలో ఒక్క తెలుగు పాటైనా లేదు.

వియ్యంకులు గుజరాతీలు, వారికి గర్బా ఉండాలి. "పాత పాటలు పెడితే మా స్నేహితులెవరూ లేవరమ్మా" అన్నది అమ్మాయి. తెనాలి నుండి వచ్చిన నాయనమ్మ అంతా విని ఒక్కటే అడిగారు: "అన్నీ బాగానే ఉన్నాయి గానీ, హారతి పాట ఎవరు పాడతారర్రా?" ఆ ప్రశ్నకు ఒప్పందపత్రంలో గడి లేదు.

అందుచేత సాయంకాలాన్ని పంచుకొన్నాము. అతిథులు వచ్చే వేళ నాదస్వరం. భోజనాల వేళ వీణ, 1961 నాటి 'సీతారామ కల్యాణం' చిత్రగీతాలు, అదీ మాటలు వినబడేంత మెల్లగా. స్పీకర్లను పెద్దల బల్లల వైపు తిప్పవద్దని వ్రాసి ఇచ్చాము. ఒకే పేరుతో రీమిక్సులు అనేకం ఉంటాయి గనుక ప్రతి పాటకూ లింకు పంపాము. భోజనానంతరం పిల్లల జాబితా, గర్బా. 2023లో ఆస్కార్ అందుకొన్న 'నాటు నాటు'కు మాత్రం ఎవరి అభ్యంతరమూ లేదు. నడుమ ఐదు నిమిషాలు డీజే మౌనంగా ఉండాలని ఒక పంక్తి చేర్చాము.

ఆ ఐదు నిమిషాలలో నాయనమ్మ పాడారు. రెండవ చరణం మధ్యలో మాట తోచక ఆగితే, వెనుక బల్లల నుండి నలుగురు పెద్దావిడలు అందుకొన్నారు. ఒక్కొక్కరి ఊరి పాఠం ఒక్కొక్క తీరు. అయినా చివరి పంక్తికి అందరూ కలిశారు. మైకు పట్టుకొని నిలిచిన అమ్మాయికి ఆ పాట ఒక్క ముక్కా రాదు. మరునాడు ఉదయం నాయనమ్మ దగ్గర కూర్చుని దానిని ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసుకొన్నది.

పెండ్లిళ్లు చేయబోయే మిత్రులకు మా మనవి ఒక్కటే. డీజేతో మాట్లాడే ముందు మీ ఇంటి పెద్దలకు ఏ పాటలు వచ్చునో అడగండి. అవి ఏ జాబితాలోనూ దొరకవు. ముందుగా ఫోనులో రికార్డు చేసి పెట్టుకోండి. ఆపై ఒప్పందంలో వాటికి కొన్ని నిమిషాలు వ్రాయించండి.