హాలే పట్టణములో క్రిస్మసు సంత

గత డిసెంబరులో జర్మనీ దేశములోని హాలే పట్టణమును చూచే అవకాశాన్ని దేవుడు మా దంపతులకు అనుగ్రహించాడు. పిఠాపురం నుండి అంత దూరం వెళ్లి మేము చూచినవాటిలో మన తెలుగు సంఘాలకు సంబంధించిన సంగతులు కూడా ఉన్నాయి. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

హాలే పట్టణం లైప్‌జిగ్‌కు దగ్గరలో, సాలే నది ఒడ్డున ఉన్నది. పూర్వం ఉప్పు వ్యాపారానికి పేరు పొందిన ఊరు. ఊరి నడుమ విశాలమైన అంగడి వీధి, దానికి ఒక ప్రక్క నాలుగు గోపురాల దేవాలయం, ఎదురుగా ‘ఎర్ర గోపురం’ అని పిలిచే గడియార స్తంభం. క్రిస్మసుకు ముందు సుమారు నాలుగు వారాలు అక్కడే సంత జరుగుతుంది.

మన సంతల్లో కూరగాయలు, ఎండుచేపలు, గాజులు అమ్మినట్లు, అక్కడ చిన్న చిన్న చెక్క కొట్లలో కొయ్య బొమ్మలు, కొవ్వొత్తులు, తేనె, మసాలా కలిపిన రొట్టెలు, పాకం పట్టిన బాదం పప్పు అమ్ముతారు. ద్రాక్షసారాను వేడి చేసి అమ్మేవారున్నారు. పిల్లలకు సారా లేని పండ్ల రసం వేరుగా కాస్తారు. మేము ఆ రసమే త్రాగి చలి కాచుకున్నాము. మన వైపు సార్వా కోతలు ముగిసి హాయిగా ఉండే ఆ రోజుల్లో అక్కడ సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. ఆ చీకటిలో కిటికీలకు వ్రేలాడే నక్షత్ర దీపాలను చూస్తే మన పేటలోనే ఉన్నట్లు అనిపించింది.

ఆ దేవాలయంలోనే 1685లో సంగీతకర్త హాండెల్ బాప్తిస్మం పొందాడు. 1546లో మార్టిన్ లూథర్ మరణించినప్పుడు, విట్టెన్‌బర్గ్‌కు తీసుకువెళ్లే దారిలో ఆయన దేహాన్ని ఒక రాత్రి ఇక్కడ ఉంచారు.

మా మనస్సును ఎక్కువగా కదిలించినది అంగడి వీధికి కొంత దూరంలో ఉన్న అనాథాశ్రమం. ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకె అనే పాదిరిగారు 1695లో, పేదల పెట్టెలో పడిన కొద్దిపాటి కానుకతో బీద పిల్లలకు బడి పెట్టారు. 1698లో అనాథాశ్రమ కట్టడానికి పునాది వేశారు. ఆ భవనం నుదుట పక్షిరాజులను చెక్కి, యెషయా 40:31 వచనాన్ని వ్రాయించారు. బడులు, మందుల తయారీ, అచ్చుకూటం అన్నీ ఆ పనిలోనుండి పెరిగాయి. 1706లో తరంగంబాడిలో దిగిన జీగన్‌బాల్గు ఈ హాలే విశ్వాసుల సహవాసం నుండి వచ్చినవాడే.

ఆయన తరువాత 1719లో వచ్చిన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో పని చేస్తూ తెలుగు నేర్చుకొని, బైబిలును మన భాషలోనికి తర్జుమా చేశాడు. ఆ తర్జుమా అచ్చుకు నోచుకోలేదు. అయినా ఆయన విసిగిపోలేదు. 1743లో హాలేకు తిరిగి వెళ్లి, 1746, 1747 సంవత్సరాలలో తెలుగు పుస్తకాలు కొన్ని అచ్చు వేయించాడు. ‘నూరు జ్ఞాన వచనాలు’ వాటిలో ఒకటి. తెలుగులో అచ్చయిన మొదటి పుస్తకాలు ఇవేనని చరిత్రకారులు చెబుతారు. 1760లో ఆయన ప్రభువునందు నిద్రించాడు. తెలుగు సువార్తలు మూడు అచ్చయి వచ్చినది 1812లో, విశాఖపట్నం మిషనరీ డెగ్రాంజ్‌గారి తర్జుమా ద్వారా.

మా ఊరిలో కెనడా బాప్టిస్టు మిషనరీలు పరిచర్య చేశారు. 1842లో గుంటూరు వచ్చిన హయ్యరుగారు జర్మనీలో పుట్టినవారు. వీరందరికంటె నూరేండ్లు ముందే ఒకడు మన అక్షరాలు దిద్దుకున్నాడు!

నేడు హాలేలో సంఘ సభ్యులు కొద్దిమందే. దశాబ్దాల కమ్యూనిస్టు పాలన దీనికొక కారణం. సంతలో కాలు పెట్టడానికి చోటు లేదు. ప్రక్కనున్న దేవాలయంలో బల్లలు ఖాళీగా కనబడ్డాయి. నక్షత్రాలు, కొత్త బట్టలు, మైకులు, కేకులు మన పండుగలోనూ ఏటేటా పెరుగుతున్నాయి. ఇవి తప్పని మేము అనము. కాని సంత నిండి సన్నిధి ఖాళీ కావడానికి ఎన్నో తరాలు పట్టదు.

షుల్జ్ తన తర్జుమా అచ్చులో చూడకుండానే కన్నుమూశాడు. మన ఇంట్లో తలకొక బైబిలున్నది. ఈ క్రిస్మసుకు నక్షత్రం కట్టే ముందు, ఇంటిల్లిపాదీ కూర్చుండి లూకా 2వ అధ్యాయం పూర్తిగా చదువుకుందామా?