రంగంలో ఆఖరి చలికాలం

యాంగాన్ నడిబొడ్డున సూలే పగోడా నుంచి నది వైపు నడుస్తుంటే ఇరుపక్కలా సన్నటి వీధులు కనిపిస్తాయి. చాలా వీధులకు పేర్లుండవు, అంకెలే. రెండువైపులా పాత భవనాలు. వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. ముందు గది దాటితే లోపలికి వెలుతురు చేరదు. మన ఉత్తరాంధ్ర పల్లెలు ‘రంగం’ అని పిలిచిన రంగూన్ ఇదే.

1931 జనాభా లెక్కల ప్రకారం నగరంలో ఉన్నది సుమారు 4 లక్షల మంది. అందులో సగానికి పైగా భారతీయులు. రేవులో బస్తాలు మోసింది, రిక్షాలు లాగింది, పజండాంగ్ బియ్యం మిల్లుల్లో చెమటోడ్చింది, మరుగుదొడ్లు శుభ్రం చేసింది ఎక్కువగా తెలుగువాళ్ళే. కాకినాడ, భీమిలి రేవుల నుంచి స్టీమర్ ఎక్కించిన మేస్త్రీయే టికెట్టు డబ్బు అప్పుగా ఇచ్చేవాడు. కూలి అతని చేతుల మీదుగానే రావాలి. అద్దె గదుల్లో ఎంతమంది ఉండాలో మునిసిపాలిటీ లెక్క కట్టి లైసెన్సు ఇచ్చేది. ఆ లెక్కను మించి జనాన్ని కుక్కేవారు. అక్కడా చోటు దొరకనివారికి పేవ్‌మెంటే పడక.

భయం వాళ్ళకు కొత్త కాదు. 1930 మే నెలలో రేవు పనుల విషయమై మొదలైన అల్లర్లలో వంద మందికి పైగా చనిపోయారు. 1938లో మళ్ళీ దాడులు. ఆపైన 1941లో భారత, బర్మా ప్రభుత్వాలు కుదుర్చుకున్న వలసల ఒప్పందం కొత్త కూలీలకు తలుపులు మూసేసింది. ఒకసారి ఇంటికెళ్తే తిరిగి రానిస్తారన్న నమ్మకం లేదు. ఇక్కడే ఉందామంటే యుద్ధం ముంచుకొస్తోంది. అప్పు తీరనివాడికి ఆ ఎంపిక కూడా లేదు.

1941 డిసెంబర్ 23 ఉదయం జపాన్ విమానాలు వచ్చాయి. బాంబుదాడి అంటే ఎరుగని జనం వీధుల్లో నిలబడి ఆకాశంలోకి చూశారు. ఆ రోజు సుమారు 2 వేల మంది చనిపోయారని అంచనా. క్రిస్మస్ నాడు మళ్ళీ బాంబులు. కూలీల గదులు ఖాళీ అయ్యాయి. ప్రోమ్ రోడ్డు జనంతో నిండిపోయింది.

వాళ్ళెవరో నగరానికి అప్పుడు తెలిసింది. రేవులో సరుకు దించేవాళ్ళు లేరు. చెత్త ఎత్తేవాళ్ళు లేరు. శవాలు తీసేవాళ్ళూ లేరు. ‘పనికి రండి’ అని బతిమాలిన అధికారులే, కూలీలు జారిపోకుండా ప్రోమ్ దగ్గర ఐరావతి దాటనివ్వకుండా కొన్నాళ్ళు అడ్డుకున్నారు. అయినా జనం ఆగలేదు. టౌంగప్ కనుమ మీదుగా అరకాన్ తీరానికి నడిచారు. నీళ్ళు లేక కొందరు, కలరాతో మరికొందరు దారిలోనే రాలిపోయారు. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ వశమైంది.

ఆ ఏడాది బర్మా వదిలి వచ్చిన భారతీయులు 4 లక్షలకు తక్కువ కారు. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు మాత్రం 1960ల్లో తిరిగొచ్చిన మరో తరానిది. 1942లో నడిచొచ్చినవాళ్ళు ఎవరి ఊళ్ళలో వాళ్ళు కలిసిపోయారు.

ఒక్కో గదిలో ఎంతమంది పడుకోవాలో లెక్క కట్టిన ప్రభుత్వం, ఆ దారిలో ఎంతమంది పోయారో మాత్రం సరిగ్గా లెక్క పెట్టలేదు.