చేపాక్ నుంచి నాలుగో స్టేషన్

మనవాళ్ల ప్రయాణాలకు ముహూర్తం పెట్టేది చాలావరకు తిరుమల దర్శనం టికెట్టే. అది ఏ తారీకుకు దొరికితే ఆ తారీకు చుట్టూ రైలూ, సెలవూ, పిల్లల పరీక్షలూ, దారిలో కాళహస్తీ అన్నీ సర్దుకుంటాయి. 2016 డిసెంబరులో నేను చెన్నై ప్రయాణం కట్టిందీ అదే పద్ధతిలో. కాకపోతే వెంకన్న దర్శనం ఉండాల్సిన చోట ఇంగ్లండుతో ఐదో టెస్టు ఉంది. “ఇద్దరు పిల్లల తండ్రివి, బంతాట కోసం మద్రాసు దాకానా?” అంది మా అమ్మ. “కచేరీలు కూడా ఉన్నాయమ్మా” అన్నాను. ఆ మాట పనిచేసింది. ధనుర్మాసంలో సంగీతం వినడానికి వెళ్తున్నానంటే మా ఇంట్లో అది పుణ్యం ఖాతాలోకి పోతుంది.

ఈ రెండూ ఒకే వారంలో కలవడం అరుదు. చెన్నై చేపాక్ మైదానంలో క్రికెట్ అసలు సంక్రాంతి పండగది. దొరల జట్టుకూ మనవాళ్ల జట్టుకూ ప్రెసిడెన్సీ మ్యాచ్ ఆ రోజుల్లోనే జరిగేది. దానికోసం పాటుపడిన బుచ్చిబాబు నాయుడు మన తెలుగువాడే. 1908లో, ఆ ఆట కళ్లజూడకుండానే పోయాడు. తర్వాత వచ్చిన టెస్టులు కూడా చాలాకాలం ఆ పండగకే పడేవి. పొంగల్ టెస్టు అనేవాళ్లు. కానీ మ్యూజిక్ అకాడమీ వాళ్ల ఉత్సవం డిసెంబరు 15న మొదలై జనవరి 1న ముగుస్తుంది. సంక్రాంతి నాటికి ఊళ్లో పాట వేడి తగ్గిపోతుంది. టెస్టు డిసెంబరులోకి జరిగితేనే రెండూ ఒక్కచోట దొరుకుతాయి. 1983లో గవాస్కర్ వెస్టిండీస్ మీద 236 కొట్టి నాటౌట్‌గా మిగిలింది క్రిస్మస్ వారంలో. 2008లో సచిన్ సెంచరీతో 387 ఛేదించి గెలిచింది సరిగ్గా డిసెంబరు 15న. ఆ సాయంత్రం సభల్లో ఎంతమంది చెవులు వేదిక మీద ఉన్నాయో, ఎంతమందివి జేబులో ఉన్నాయో!

మళ్లీ ఎనిమిదేళ్లకు వచ్చిన అవకాశం. వదులుకోవడానికి కారణాలకేం కొదవలేదు. నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. 22న బాలమురళీకృష్ణ వెళ్లిపోయారు. డిసెంబరు 5న జయలలిత. 12న వర్ధా తుపాను చెన్నైని ఊడ్చిపారేసింది. పిచ్ ఆరడానికి రేకుల్లో బొగ్గులు రాజేసి పైన పట్టుకున్న ఫొటో పేపర్లో చూశాను. పెళ్లి ముందురోజు వంటశాలలో పొయ్యి చూసినంత ధైర్యం వచ్చింది నాకు. మ్యాచ్ జరిగి తీరుతుంది.

ప్లానుకు నాకు తెలిసిన సూత్రం ఒక్కటే. కదలనిదాన్ని ముందు పాతాలి, కదిలేదాన్ని దాని చుట్టూ కట్టాలి. టెస్టు తొమ్మిదిన్నరకు మొదలై నాలుగున్నర ప్రాంతంలో ముగుస్తుంది, అది కదలదు. కచేరీలకేం, పొద్దున్నుంచి రాత్రి దాకా ఏదో ఒక సభలో ఎవరో ఒకరు పాడుతూనే ఉంటారు. మధ్యాహ్నం పాడే చిన్నవాళ్లకైతే టికెట్ కూడా ఉండదు. ఆ చిన్నవాళ్లలోనే రేపటి పెద్దవాళ్లుంటారు. నెట్స్‌లో కుర్రాణ్ణి ముందే చూసి పెట్టుకున్నట్టు. బస ట్రిప్లికేన్‌లో. అక్కణ్నుంచి స్టేడియానికి నడిచిపోవచ్చు. చేపాక్ స్టేషన్లో పరక్కుం రయిల్ ఎక్కితే నాలుగో స్టేషన్ తిరుమయిలై, అంటే మైలాపూరు. ఎత్తు మీద నడిచే ఆ రైలును అక్కడివాళ్లు ‘ఎగిరే రైలు’ అని పిలుచుకుంటారు. పొద్దున రత్నా కేఫ్‌లో ఇడ్లీ మునిగేదాకా సాంబారు పోయించుకుని బయల్దేరితే మధ్యాహ్నం దాకా చింత లేదు. స్టేడియంలోకి సంచులూ నీళ్లసీసాలూ రానివ్వరు కాబట్టి అంతకన్నా మోసుకుపోయేదీ లేదు.

ఇంత పకడ్బందీగా కట్టిన నేను ఒకటి మరిచిపోయాను. టెస్టు అయిదు రోజులది, నా సెలవు ఒక్క శుక్రవారమే.

శుక్రవారం పినాకినిలో దిగేసరికి మధ్యాహ్నం. వీధుల్లో కోసి పేర్చిన చెట్ల మొద్దులు. శనివారం గ్రౌండుకు వెళ్తే ఇంగ్లండు తోక ఆడుతోంది. రషీద్, డాసన్ ఎనిమిదో వికెట్‌కు వందకు పైగా జోడించారు. నా రెండు రోజుల్లో ఒక రోజు దాదాపు వాళ్లిద్దరూ తినేశారు. ఆదివారం రాహుల్ సెంచరీ దాటాడు. టీ విరామానికి నాలో ధర్మసంకటం. నాలుగింటికి మైలాపూరులో ఒక కచేరీ, ఎప్పట్నుంచో వినాలనుకున్న గొంతు. రాత్రికి నా రైలు. బ్యాటింగ్ టీవీలో మళ్లీ చూపిస్తారు, గొంతును ఎవరు చూపిస్తారు అనుకుని లేచాను.

స్టేషన్ కౌంటర్లో ఐదు రూపాయల టికెట్‌కు నా దగ్గరున్నది గులాబీ రంగు రెండువేల నోటు. లోపలాయన నోటును కాదు, నన్ను చూశాడు. ప్యాంటు జేబుల్లో వెతికితే ఒక ఐదు బిళ్ల దొరికింది. దేవుడు ఆ రోజు సంగీతం పక్షాన ఉన్నాడు.

హాల్లో నా పక్కన ఒక పెద్దాయన. తెల్ల చొక్కా, నుదుట విభూతి, తొడ మీద కుడిచేత్తో తాళం, ఎడమ అరచేతిలో ఫోను. రాగం నిదానంగా విచ్చుకుంటోంది. ఉన్నట్టుండి ఆయన చేయి తాళం తప్పింది. నా వైపు వంగి, చావు కబురు చెప్పినట్టు “వన్ నైంటీ నైన్” అన్నాడు. రాహుల్ డబుల్ సెంచరీకి ఒక్క పరుగు దూరంలో అవుటయ్యాడట. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. వేదిక మీద ఆమె పంచమం మీద నిలబడి ఉంది. హాలంతా తలలూపుతోంది. మా తలలూ ఊగాయి, ఎందుకో మాకే తెలియదు.

మృదంగం తని మొదలవగానే సగం హాలు క్యాంటీన్‌కు లేచింది. మృదంగం ఆయన మీద నాకు ఎప్పుడూ జాలే. ఆయన వంతు రాగానే జనానికి కాఫీ గుర్తొస్తుంది. మేమూ లేచాం. నా రెండువేల నోటు అక్కడా చెల్లలేదు, పెద్దాయనే కాఫీ ఇప్పించాడు. 1999లో పాకిస్తాన్ మన మీద 12 పరుగులతో గెలిచినప్పుడు లేచి నిలబడి చప్పట్లు కొట్టిన జనంలో ఆయనా ఉన్నాడట. “సచిన్ కోసం ఏడ్చాం, వాళ్ల కోసం లేచాం” అన్నాడు ఇంగ్లీషులో. నేను తెలుగువాణ్ణని తెలిశాక కప్పు కింద పెట్టాడు. రీతిగౌళలో ఒక త్యాగరాజ కృతి చిన్నప్పట్నుంచి పాడుకుంటున్నాడట. “బడలిక అంటే ఏంటి, కరెక్టుగా?”

అలసట అన్నాను. ఆయనకు తృప్తి కలగలేదు. నాకూ కలగలేదు. పొలం పని చేస్తే అలసట. దూరం నడిచొచ్చినవాడికి, రాత్రంతా రైల్లో కూర్చున్నవాడికి ఒంట్లో మిగిలేది బడలిక. అరవై ఏళ్లుగా ఆయన పాడుతున్న మాటకు, పుట్టినప్పట్నుంచి నేను మాట్లాడుతున్న మాటకు, కాఫీ చల్లారేలోపు నేను చెప్పగలిగింది అంతే. ఆయన ఆ మాటను రెండుసార్లు నోట్లో తిప్పుకున్నాడు. ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నాం.

ఆ రాత్రి రైలెక్కాను. రాత్రికి 71 మీద ఉన్న కరుణ్ నాయర్ సోమవారం ఒక్క రోజులో 303కి చేరాడు. అంతకు ముందు టెస్టుల్లో మనకు ట్రిపుల్ సెంచరీ కొట్టినవాడు సెహ్వాగ్ ఒక్కడే. నేను ఆ సమయానికి ఆఫీసులో, రెండు రోజుల నిద్ర బాకీతో, ఏదో ఫైలు ముందు కూర్చుని ఉన్నాను.

సాయంత్రం ఫోను మోగింది. పెద్దాయన. గ్రౌండు నుంచి కాబోలు, వెనక ఒకటే హోరు. స్కోరు చెబుతాడనుకున్నాను. చెప్పలేదు.

“సార్,” అన్నాడు, కూడబలుక్కుని, తెలుగులో. “మీ బడలిక పోయిందా?”